చెవి మీద వేలు

ముఖం మీద గుడ్డ కప్పగానే లోకమంతా చీకటైపోతుందనుకుంది గానీ, కాలేదు. కుడికంటి దగ్గర గుడ్డకు చిల్లు ఉంది, ఆ చిల్లులోంచి పలచటి టీ రంగు వెలుతురు దిగుతోంది, ఆ రంగు పైనున్న దీపానిది కాదు, తన కంట్లో ముదిరిన శుక్లానిది, ఏడాదిగా పాలూ సున్నమూ కాగితమూ అన్నీ ఇదే రంగు, పోనీలే, ఇంకాసేపట్లో ఏదో ఒకటి తేలిపోతుంది. అయినా ఇప్పుడు ఆమె ధ్యాస కంటి మీద లేదు, ఎడమ చెవి మీద ఉంది. గుడ్డ కిందనుంచి మత్తు డాక్టరమ్మ చెయ్యి దూర్చి, చెవి డొప్ప పైభాగాన అంటించిన చిన్న పట్టీ మీద వేలు ఆనించింది. చల్లటి వేలు. నొక్కుతుంది, ఉంచుతుంది, వదులుతుంది, మళ్లీ నొక్కుతుంది. పట్టీ కింద ఆవగింజంత గింజ ఉంది, అది చర్మంలోకి దిగబడినప్పుడల్లా సన్నగా సలుపుతోంది, ఆ సలుపుకే ఒంట్లో పరుగులు పెడుతున్న నెత్తురు నెమ్మదిస్తుందట. ఎలా నెమ్మదిస్తుంది? కుళాయి వంటింట్లో ఉంటే పెరటి గోడ నొక్కి నీళ్లు తగ్గించడంలా ఉంది ఇది. ముప్ఫై ఏళ్లుగా ఆమె బతుకంతా చెవులే. వినికిడి మిషను పెట్టుకునేవాళ్ల చెవులకు అచ్చులు తీసి, ఆ అచ్చును బట్టి మిషను చెవిలో కూర్చునే బుడిపె తయారుచేసి ఇవ్వడం ఆమె పని, వినికిడి కేంద్రంలో అందరూ ఆమెను చెవులమ్మ అంటారు, అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు. అలాంటి చెవులమ్మకు, చెవిని నొక్కితే నెత్తురు మాట వింటుందన్న సంగతి ఇన్నేళ్లలో ఒక్క చెవీ చెప్పలేదు.

“బీపీ పైది ఎంతుంది?” అన్నాడు తల దగ్గర కూర్చున్న కంటి డాక్టరు.

“నూట డెబ్బై దాటింది. కాస్త ఆగండి,” అంది డాక్టరమ్మ.

ఆగండి అన్న మాట చెవిన పడనే పడింది, గుడ్డ కళ్లకు కప్పారు గానీ చెవులకు కప్పలేదుగా, కిందటిసారీ ఇలాగే పడింది, అంతకుముందూ పడింది. రెండుసార్లు ఈ బల్ల ఎక్కించారు, రెండుసార్లూ దించేశారు. ఇంట్లో ఉన్నప్పుడు బీపీ ఓ మోస్తరుగానే ఉంటుంది, మందులు వేళకు వేసుకుంటుంది, ఈ గుడ్డ ముఖం మీద పడిందంటే మాత్రం చుక్కలనంటుతుంది. మొదటిసారి సూదిమందు ఇచ్చి బీపీ దించబోతే ఒక్కసారిగా పాతాళానికి పడిపోయి, గుండె తడబడి, కన్ను సంగతి దేవుడెరుగు మనిషి దక్కితే చాలన్నంత పనైంది. ఇక ఆ మందు వద్దన్నాడు గుండె డాక్టరు, పూర్తి మత్తు అసలే వద్దన్నాడు. బీపీ ఎగిరినప్పుడు కన్ను కోస్తే లోపల నెత్తురు చిమ్మి ఉన్న చూపూ పోతుందని కంటి డాక్టరు భయం. ఎడమకన్ను పదేళ్ల కిందటే లోపలి పొర చిరిగి ఆరిపోయింది, మిగిలింది ఇదొక్కటే, ఇందులో శుక్లం రాయిలా గట్టిపడుతోంది, ఈసారి కూడా దించాల్సి వస్తే ఇక నేను చెయ్యలేనమ్మా అని అతను మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఏడుపు మింగుకుంటూ వసారాలో కూర్చుంటే ఈ డాక్టరమ్మే వచ్చి పక్కన కూర్చుంది. చెవిలో కొన్ని చోట్ల గింజలు అంటించి రోజూ నొక్కుకుంటే, ఆపరేషన్ అవుతున్నంతసేపూ ఎవరైనా నొక్కుతూ ఉంటే, కొందరికి బీపీ అదుపులో ఉంటోందని చెప్పింది. చెవిలో పువ్వు పెడుతోందేమో ఈ పిల్ల అనుకుంది చెవులమ్మ. కానీ ఆ పిల్ల నమ్మించడానికి ఏమాత్రం తాపత్రయపడలేదు. “ఎందుకు దిగుతుందో నాకూ పూర్తిగా తెలీదమ్మా. మందులతో పాటు ఇదీ చేస్తున్నాం, కొందరికి దిగుతోంది, కొందరికి దిగట్లేదు. మీకు దిగుతుందేమో చూద్దాం,” అంది. తెలీదన్న ఆ మాటే ఆమెకు నచ్చింది. అంతా తెలుసన్న డాక్టర్లను చాలామందిని చూసింది, తెలీదని చెప్పి మరీ చెవి పట్టుకున్న డాక్టరును చూడటం ఇదే మొదలు.

మనుషులకు ముఖం మీద ఉన్న శ్రద్ధ చెవి మీద ఉండదు, అద్దం ముందు గంటసేపు నిలబడ్డవాళ్లు కూడా తమ చెవి ఎలా ఉంటుందో చెప్పలేరు. ఆమె మాత్రం దాంట్లో ప్రతి గట్టుకూ గుంటకూ తనకు తోచిన పేర్లు పెట్టుకుంది. పైన వంపు తిరిగిన అంచు చూరు. దాని లోపలి వైపు వసారా. నడుమ గిన్నె. గిన్నె ముందు కాపలా నిలబడ్డ బుడిపె ద్వారపాలకుడు. కింద మెత్తగా వేలాడే తమ్మె అందరికీ తెలిసిందే. ఇక చూరు దగ్గర, గట్టు రెండుగా చీలే చోట మూడు మూలల చిన్న గుంట ఒకటి ఉంటుంది, పసిబిడ్డ వేలి కొస పట్టేంత, దాంట్లోనే గింజ అంటించింది డాక్టరమ్మ. డాక్టరమ్మ గదిలో గోడకు చెవి బొమ్మ ఒకటి ఉంది, నిండా చుక్కలు, భూతద్దం పెట్టుకుని దగ్గరకెళ్లి చూస్తే గుండెకో చుక్క, నిద్రకో చుక్క, మోకాలికో చుక్క. చుక్కల సంగతేమో గానీ ఆ చెవే ఎవరి చెవీ కాదు, అంత తీర్చిదిద్దిన చెవి ఆమె చేతికి ఎన్నడూ రాలేదు. నిజం చెవి దేని దారి దానిది, ఒక్క మనిషి కుడి ఎడమలే ఒకదానికొకటి సరిపోవు. ఇంటికెళ్లాక వేలితో తడుముకుని చూసుకుంది. తన ఎడమ చెవిలో ఆ గుంట బొమ్మలోకంటే జారి ఉంటుంది, ఆ సంగతి ఆ పిల్లకేం తెలుసు పాపం, బొమ్మ చూసి పెట్టేసింది అనుకుని, పట్టకారుతో పట్టీ లేపి, కాస్త కిందకు జరిపి అంటించుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే కదా. రోజుకు మూడు పూటలా నొక్కుకుంది, వారం తిరక్కుండా బీపీ దిగింది కూడా, అది చూసి డాక్టరమ్మ మురిసిపోతే, చెవులమ్మ తన పనితనానికి తానే లోలోపల మురిసిపోయింది.

ఇంట్లో ఆయనకైనా చెబుదామనుకుంది, చెబితే పగలబడి నవ్వేవాడు, కానీ చెప్పలేదు. తను సైగ చేస్తే ఆయనకు అందుతుంది, ఆయన తిరిగి చేసే సైగే తనకు అందడం లేదిప్పుడు, ఒకవైపు నడిచే కబుర్లలో సరదా ఏముంటుంది. ఆయనకు పుట్టుచెవుడు. ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపు ఉండేది, అద్దాన్ని వజ్రపు ములికితో ఒక్క గీత గీసి టక్కున విరిస్తే అంచు నీటిబొట్టులా ఉండేది, చెయ్యి అంత నిలకడ. మిషను పెడితే వినిపిస్తుందేమోనని వాళ్లమ్మ పోరు పడలేక ఒకరోజు కేంద్రానికి వచ్చాడు. ఆయన చెవులకు అచ్చు తీయడం ఆమెకు ఇప్పటికీ గుర్తు, మెత్తటి ముద్ద చెవిలోకి ఎక్కిస్తుంటే చక్కిలిగింత పెట్టినట్టు నవ్వుతూనే ఉన్నాడు, బుడిపె అతికినట్టు కూర్చుంది, వెంట్రుకవాసి తేడా లేదు, మిషను పెట్టి గట్టిగా చప్పట్లు కొట్టింది, ఏమీ లేదు, లోపల నరమే లేనప్పుడు పైన ఎంత నగిషీ చేస్తే ఏం లాభం. కళ్లనీళ్లు పెట్టుకున్నది ఆమె, ఓదార్చింది ఆయన. ఆ ఓదార్పు అర్థం కావడానికి సైగలు నేర్చుకుంది, నేర్చుకుంటూ నేర్చుకుంటూ పెళ్లి చేసుకుంది. సైగల్లో మీరు లేదు, నువ్వు లేదు, కోడలు మొగుడికి మర్యాద ఇస్తోందో లేదో తేల్చుకోలేక అత్తగారు కొన్నాళ్లు నానా హైరానా పడింది. మాటలతో చెప్పేవాళ్లు మాట అనేసి చూపు తిప్పుకోవచ్చు, వీళ్లకు ఆ వీలు లేదు, పోట్లాడుకోవాలన్నా ఒకరినొకరు చూసుకుంటూనే పోట్లాడుకోవాలి. అలాంటిది ఏడాదిగా ఆయన చేతులు పొగలా అయిపోయాయి. బల్ల, కుర్చీ, తలుపు మసగ్గా ఉన్నా నిలకడగా ఉంటాయి, ఆయన చేతులు మాత్రం మసకలో మసకగా అల్లాడుతూ, ఒక వేలికి నాలుగు వేళ్లై, ఏ మాటా మాటగా చేరడం లేదు. కదిలే వస్తువు శుక్లంలోంచి అలాగే కనిపిస్తుంది కాబోలు అనుకుంది. అప్పట్నుంచి ఆయన ఆమె అరచేతిని తన చేతిలోకి తీసుకుని, దాని మీద వేలు గట్టిగా అదిమి అక్షరం అక్షరం రాయడం మొదలుపెట్టాడు. పప్పులో ఉప్పు తక్కువైందన్న మాట చెప్పడానికి అన్నం చల్లారిపోయేది. చివరికి షాపు కూడా మూసేశాడు, నీకు తోడుగా ఉండాలి కదా అని అరచేతిలో రాశాడు. తన కన్ను ఆయన షాపును మింగిందన్న బాధ ఆమెను తినేస్తోంది. ఈ కన్ను కూడా పోతే, అచ్చులు తీసే పని పోతుంది, అది ఎలాగో సర్దుకోవచ్చు, కానీ ఆయన నోరు పోతుంది. ఇంట్లో ఆయన ఉంటాడు, తాను ఉంటుంది, మధ్యలో అరచేతి వెడల్పు దారి ఒక్కటే ఉంటుంది, బతుకంతా ఆ దారినే పోవాలి.

చేతికి కట్టిన బీపీ పట్టా బుసకొట్టి బిగుసుకుంది. గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే మిషను కూత జోరందుకుంది.

“పెరుగుతోంది,” అన్నాడు కంటి డాక్టరు. విసుక్కోలేదు, కానీ చేతిలోని పనిముట్టు పళ్లెంలో పెట్టేసిన చప్పుడు ఆమె విన్నది.

“ఒక్క నిమిషం,” అంటూ డాక్టరమ్మ చెవి దగ్గర గుడ్డ పైకెత్తింది. చల్లటి గాలి తగిలింది. వేలు పట్టీ చుట్టూ తడిమింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. “అమ్మా, ఈ గింజ నేను పెట్టిన చోట లేదేంటి?”

దొరికిపోయింది. బడిలో కొంగలా మెడ సాచి పక్కపిల్ల పలక చూస్తూ దొరికినప్పుడు ఇలాగే అయ్యేది ఒళ్లంతా. “నేనే జరిపాను,” అంది గుడ్డ కిందనుంచి. “నా చెవిలో గుంట కాస్త కిందకు ఉంటుంది. మీరు బొమ్మ చూసి పెట్టారేమో అనుకున్నాను.”

“బొమ్మ చూసి ఎవరు పెడతారమ్మా? ఆరోజు వేలితో అంతా వెతికి, ఎక్కడ నొక్కితే మీరు అబ్బా అన్నారో అక్కడే పెట్టాను. మీరేమో తీసుకెళ్లి గట్టు మీద పెట్టుకున్నారు. అక్కడ ఏ చుక్కా లేదు.”

“ఏ చుక్కా లేదా?”

“లేదు. వారమంతా నొక్కుకున్నది దీన్నేనా?”

“దీన్నే.”

“మరి బీపీ ఎలా దిగింది?” అంది డాక్టరమ్మ, ఆమెను అడిగినట్టు కాదు, తనను తానే ప్రశ్నించుకున్నట్టు.

చెవులమ్మకు నవ్వొచ్చింది. ముందు సిగ్గేసింది, ముప్ఫై ఏళ్ల పనితనం గట్టెక్కి కూర్చున్నందుకు, ఆ సిగ్గు వెనకే నవ్వు తన్నుకొచ్చింది, గుడ్డ కింద ముక్కు ముందున్న గాలి గొట్టం కూడా కదిలిపోయేంత నవ్వు. కదలకండమ్మా అని కంటి డాక్టరు కేకేశాడు, కానీ అతని గొంతులోనూ నవ్వు ఉంది. డాక్టరమ్మ పట్టీ ఊడదీసి, కొత్త గింజ తీసి, మొదట పెట్టిన చోటే మళ్లీ అంటించి నొక్కింది. అబ్బా అంది చెవులమ్మ. “అదీ,” అంది డాక్టరమ్మ.

నొక్కుతుంది, ఉంచుతుంది, వదులుతుంది. గింజ గుంటలో కూర్చుంది, ఈసారి సలుపు చెవి దాటి ఎక్కడికో వెళ్తున్నట్టుంది, మెడలోకా, భుజంలోకా, లేక తన ఊహలోకా. అక్కడ చుక్క లేకపోయినా దిగిందే, మరి చుక్కకే బలం ఉంటే లేని చోట ఎందుకు దిగింది, నమ్మకానికే బలం ఉంటే ఇందాక ఎందుకు ఎగిరింది, ఇందాకా నమ్మే ఉందిగా. లెక్కల మేష్టారు చెవి మెలిపెట్టి గుంజేవాడు సరిగ్గా ఈ చోటే, అప్పుడు దిగిందో ఎగిరిందో ఎవరు చూశారు, కొలిచే మిషను ఉంటే ఆయనగారి శిక్షలు వైద్యంలో కలిపేవాళ్లేమో. అమ్మ కోపమొస్తే గూబ గుయ్యిమనిపించేది, కోపం తగ్గాక అదే చెవి వెనక జుట్టు సవరిస్తూ బొటనవేలు ఆనించి ఉంచేది, ఆ వేలు కింద నిద్ర ఎలా వచ్చేదో తెలిసేది కాదు. అచ్చు తీయించుకోవడానికి వచ్చిన చంటిపిల్లలు కేంద్రం కప్పు ఎగిరిపోయేలా ఏడుస్తారు, తను చెవి డొప్పను రెండు వేళ్ల మధ్య పట్టుకుని కాసేపు ఊరికే ఉంచితే వెక్కిళ్లలోకి, వెక్కిళ్లలోంచి మౌనంలోకి జారుకుంటారు, చూసినవాళ్లు నీ హస్తవాసి మంచిదమ్మా అనేవాళ్లు, తనూ పొంగిపోయి నమ్మేది. ఆ మంచితనం చేతిది కాదేమో, చెవిదేమో. లేక చెవిదీ కాదేమో, చెవిని చెయ్యి తాకడందేమో, ఎవరో ఒకరు మన కోసం పనిగట్టుకుని ఒకచోట వేలు ఆనించి కదలకుండా ఉన్నారని ఒంటికి తెలియడమేమో. అదే అయితే చుక్కలెందుకు, బొమ్మలెందుకు, ఎక్కడ పట్టుకున్నా దిగాలిగా, అరచెయ్యి పట్టుకున్నా దిగాలి, ఆయన రోజూ పట్టుకుంటూనే ఉన్నాడు కదా. తెలుసుకోవాలి. ఇక్కణ్నుంచి బయటపడితే పిల్లల చెవులు ఒక్కొక్కటీ ఈ గుంట దగ్గర పట్టుకుని చూడాలి, తర్వాత తమ్మె దగ్గర పట్టుకుని చూడాలి, ఏడుపు ఎక్కడ ముందు ఆగుతుందో చూడాలి. ఆలోచన ఇలా చెవి వెంట పడి పోతుంటే కూత కూతకూ మధ్య ఎడం పెరిగింది, పెరిగిందని ఆమెకు ఆలస్యంగా తెలిసింది, పట్టా మళ్లీ బిగిసి వదిలింది.

“నూట నలభై ఆరు,” అంది డాక్టరమ్మ. “గింజ వల్లనో, నవ్వు వల్లనో మాత్రం నన్నడగొద్దు.”

“ఏదైతేనేం, వదలకండి,” అన్నాడు కంటి డాక్టరు. “మొదలుపెడుతున్నానమ్మా. వెలుగు వైపే చూడండి.”

చూసింది. టీ రంగు మీద నీళ్లు పోశారు, వెలుగు కరిగి పారింది, ఎర్రగా, నీలంగా, ఈత రానివాడు నీళ్లలోంచి సూర్యుణ్ని చూసినట్టు. ఎక్కడో సన్నటి తుమ్మెద రొద మొదలైంది, శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేసే మిషను అది, పీలుస్తుంటే నొప్పి లేదు, ఎవరో ఇంటి కిటికీకి ఏళ్లనాటి మసి తుడుస్తున్నట్టు మూలమూలనా వెలుగు మారుతోంది, టీ పలచబడింది, ఇంకా పలచబడింది, అంతలో ఏ రంగూ లేని తెలుపు. తెలుపంటే ఇదా, మర్చిపోయింది. చెవి మీద వేలు నొక్కుతూనే ఉంది, వేలు వణకలేదు, అలసిపోయిన గుర్తూ ఇవ్వలేదు, ఇప్పుడది చల్లగా కూడా లేదు. మధ్యలో ఒకసారి పట్టా బిగిస్తే ఊపిరి బిగబట్టింది, ఎవరూ ఆగండి అనలేదు. మడతపెట్టిన కొత్త కటకం కంట్లోకి వెళ్లి విచ్చుకుంది, కంటి డాక్టరు మొహం తలకిందులుగా, ముసుగు మీద రెండు కళ్లతో, ఆ కళ్ల చుట్టూ ఒక్కొక్క వెంట్రుకతో సహా కనిపించింది. “అయిపోయిందమ్మా,” అన్నాడు.

కంటి మీద పారదర్శకంగా ఉండే చిప్ప పెట్టి, చక్రాల కుర్చీలో బయటకు తోసుకొచ్చారు. రేపటికి ఇంకా తేటపడుతుందని డాక్టరు చెప్పాడు గానీ ఆమెకు రేపటిదాకా ఆగే ఓపిక లేదు. తలుపు అంచు గీత గీసినట్టుంది. తలుపు బందుకు ఉన్న మేకులు కనిపించాయి, ఒక మేకు తల అరిగిపోయి ఉంది. గోడ నీలం నిజంగా నీలం. బల్ల మీంచి ఆయన లేచాడు. ముందు మొహం చూసింది, ఈ ముడతలు ఎప్పుడొచ్చాయి, కబురైనా చెప్పకుండా వచ్చేశాయి. చొక్కా చూసింది, బొత్తాలు ఒక కన్నం తప్పి పెట్టుకున్నాడు, అంచులు ఎగుడుదిగుడుగా వేలాడుతున్నాయి. తర్వాత ఆయన రెండు చేతులూ పైకెత్తాడు, మాట్లాడటానికి, ఏడాది తర్వాత ఇంత దూరం నుంచి. ఆమె ఆ చేతులు తేటపడటానికి ఎదురుచూసింది. తలుపు నిలిచి ఉంది. బల్ల నిలిచి ఉంది. బొత్తాలు నిలిచి ఉన్నాయి. చేతులు నిలవలేదు. రెప్పలార్చి మళ్లీ చూసింది. ప్రతి వేలూ విడివిడిగా, గోళ్లతో సహా, కణుపులతో సహా స్పష్టంగా ఉంది, ప్రతి వేలూ దాని మానాన అది వణుకుతోంది.

ఏడాదిగా చూసిన మసక తన కంట్లో ఉన్నది సగమే. మిగతా సగం ఆయన చేతుల్లో ఉంది. అద్దం కోసే చెయ్యి అది, అందుకే షాపు మూతపడింది, తన కన్ను మింగలేదు. అరచేతిని పట్టుకుని అదిమి రాస్తే గానీ అక్షరం నిలవక రాశాడు, ఆమెకు కనిపించక కాదు, అదీ కొంత నిజమే అయినా. కోపం వచ్చింది, జాలి వచ్చింది, ఇంత కాలం పక్కనే పడుకున్న మనిషి చెయ్యి ఇంత వణుకుతుంటే తెలియని తన మీద తనకే భయం వేసింది.

ఆమె చూస్తున్నది ఏమిటో ఆయనకు అర్థమైంది. చేతులు రెండూ జేబుల్లో దోపుకున్నాడు. కుర్చీ తోస్తున్న నర్సు, ఎందుకు ఆగిపోయారో తెలియక, “మాట్లాడండి, పర్లేదు,” అంది.

“ఎప్పట్నుంచి?” అని చేతులతో అడిగింది చెవులమ్మ.

ఆయన చేతులు జేబుల్లోంచి బయటకు తీశాడు, వాటిని దాచాలనీ ఆపాలనీ చూడలేదు. నీ కన్ను పూర్తిగా మసకబారక ముందునుంచే, అన్నాడు సైగల్లో. నీకు చూపు రావాలని రోజూ అనుకున్నాను. వస్తే ఇవి కనిపిస్తాయని కూడా అనుకున్నాను. ఒక్కోరోజు రాకపోతేనే బాగుండుననిపించింది. తిట్టు నన్ను.

ఒక్క ముక్క కూడా జారిపోలేదు. వణుకుతో సహా ప్రతి మాటా ఆమెకు అందింది. అయినా ఆమె చేతులెత్తి, “మళ్లీ చెప్పు,” అంది.